జాలపుటకు పునాది: మూల శైలీపత్రము

పూర్వము అచ్చుకూటములో కంపోజిటరు సీసపు అక్షరములను కూర్చునపుడు పంక్తికిని పంక్తికిని నడుమ పలుచని సీసపు పట్టీని ఉంచెడివాడు. ఆ ఎడము చాలనిచో పై పంక్తిలోని వత్తులు క్రింది పంక్తిలోని గుడులను తాకి చదువరిని చికాకుపరచును. నేడు తెలుగును తెరపై చదువువారు లక్షల సంఖ్యలో ఉన్నారు. తెరపై సీసపు పట్టీ చేయు పనిని శైలీపత్రము చేయుచున్నది. దీనినే స్టైల్‌షీటు అందురు.

జాలపుటలో రెండు అంశములు కలవు. ఏది శీర్షిక, ఏది పేరా, ఏది జాబితా అని తెలుపునది హెచ్‌టీఎంఎల్. అవి కంటికి ఎట్లు కనబడవలెనో తెలుపునది సీఎస్ఎస్. విషయమును, రూపమును ఇట్లు వేరుచేయు ఈ పద్ధతిని 1994 అక్టోబరులో హాకొన్ వియుమ్ లీ ప్రతిపాదించెను. అప్పుడాయన సెర్న్ పరిశోధన సంస్థలో పనిచేయుచుండెను. వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియము 1996 డిసెంబరులో దీని మొదటి రూపమును ఆమోదించినది.

రచయిత శైలీపత్రమును జతపరచకున్నను పుట బోడిగా ఉండదు. ప్రతి బ్రౌజరుకును తనదైన శైలీపత్రము ఒకటి ఉండును. సాధారణముగా అది అక్షరమును 16 పిక్సెళ్ల పరిమాణములో చూపును. పుట చుట్టును 8 పిక్సెళ్ల అంచు విడుచును. ప్రధాన శీర్షికను రెండింతలు చేయును. లంకెల క్రింద గీత గీయును. అయితే చిన్న విషయములలో బ్రౌజరుకు బ్రౌజరుకు తేడా ఉండుటచే ఒకే పుట రెండు చోట్ల రెండు విధములుగా కనబడవచ్చును.

దీనికి నిపుణులు రెండు మార్గములు చూపిరి. 2007లో ఎరిక్ మేయరు ప్రకటించిన పత్రము బ్రౌజరు ఇచ్చిన అలంకారములను దాదాపు అన్నిటిని తుడిచివేయును. శీర్షిక మామూలు అక్షరమగును, జాబితా తన చుక్కలను కోల్పోవును. వాటిని తిరిగి నిర్మించు భారము రచయితపై పడును. 2010 తరువాత నికొలస్ గాలఘర్, జోనథన్ నీల్ అనువారు మేలైన అలవాట్లను ఉంచి తేడాలను మాత్రమే సరిచేయు పత్రమును రూపొందించిరి.

ఇవి రెండును రోమను లిపికి చక్కగా సరిపోవును. తెలుగునకో? మేయరు పత్రములో పంక్తి ఎత్తు అక్షర పరిమాణమునకు 1 రెట్టు, రెండవదానిలో 1.15 రెట్లు. రంగారెడ్డి జిల్లాలోని జల్‌పల్లి అను ఊరి పేరునే తీసికొనుడు. ఇందు పొల్లు తలపైకి లేచును; చివరి అక్షరములో గుడి పైకిని, వత్తు క్రిందికిని పోవును. ఇట్టి పేర్లు వరుసగా ఉన్న పట్టికలో ఎడము తగ్గినచో వత్తులు, గుడులు ఒకదానితో ఒకటి పెనగులాడును. ఎత్తు బిగించిన పెట్టెలో ఉంచి, పొంగినదానిని దాచుమని ఆజ్ఞాపించినచో వత్తు తెగిపోవును. అప్పుడు 'కల్ల' కాస్తా 'కల' అగును. 'గడ్డి' 'గడి' అగును. అందము చెడుట అటుంచి, అర్థమే మారును.

కనుక తెలుగు పుటకు మూల శైలీపత్రములో ఈ కొద్ది నియమములు ఉండుట మేలు.

మొదటిది, పంక్తి ఎత్తు. దీనిని 1.6 లేక 1.7 రెట్లు ఉంచవచ్చును. ఇక్కడ ఒక మెలకువ కలదు. 1.6 అని ఒట్టి అంకె వ్రాసినచో ప్రతి భాగమును తన అక్షర పరిమాణముతో దానిని గుణించుకొనును. 160 శాతము అని వ్రాసినచో 16 పిక్సెళ్లకు లెక్కించిన 25.6 పిక్సెళ్లే అందరికిని వారసత్వముగా వచ్చును. అప్పుడు 32 పిక్సెళ్ల శీర్షికకు 25.6 మాత్రమే దక్కి పంక్తులు ఒరసికొనును. ఒట్టి అంకె వ్రాసినచో దానికి 51.2 లభించును.

రెండవది, ఫాంట్ల వరుస. నోటో సాన్స్ తెలుగు వంటి ఒక తెలుగు ఫాంటు పేరు అందులో ఉండవలెను. మీటలు, నింపవలసిన గడులు పుటలోని ఫాంటును తమంత తాము స్వీకరించవు, స్వీకరింపుమని చెప్పవలెను.

మూడవది, కొలత. 300 పిక్సెళ్ల పెట్టెకు లోపల ఇరువైపుల 20 చొప్పున ఎడము ఇచ్చినచో మామూలు లెక్కలో అది 340 అగును. ఎడము, అంచు కలిపియే 300 అని నియమించినచో ఈ చిక్కు తీరును. బొమ్మ తానున్న పెట్టె వెడల్పును మించరాదని కూడ చెప్పవలెను.

నాల్గవది, నొక్కి చెప్పు మాట. బ్రౌజరు దానిని వాలుగా చూపును. చాల తెలుగు ఫాంట్లకు వాలు రూపము లేనందున అక్షరము యంత్రవత్తుగా వంగును. దానికి బదులు ముద్దక్షరము మేలు.

ఇంతకు మించి చేర్చుట అవసరమా? మూల పత్రమును అన్నిటికంటె ముందు ఉంచుదురు; సమానమైన బలముగల నియమములలో తరువాత వచ్చినదే చెల్లును. మూలములో రంగులు, నగలు పెంచినకొలది, తరువాత వాటిని రద్దుచేయుటకే కొత్త నియమములు వ్రాయవలసివచ్చును. పునాది గట్టిగా ఉండవలెను గాని ఇల్లంతయు అదే కారాదు.

పత్రము సిద్ధమైన పిదప పరీక్ష సులభము. 'స్త్రీ', 'లక్ష్మి', 'జల్‌పల్లి' వంటి మాటలను రెండు మూడు పంక్తులుగా వ్రాసి, ఇరుకైన ఫోను తెరపై చూడవలెను. అక్షరములను రెండింతలు చేసి మరల చూడవలెను. ఏ వత్తును తెగక, ఏ గుడియు మరొకదానిని తాకక నిలిచినచో ఆ పుట తెలుగు చదువరికి సిద్ధమైనట్లే.