కత్తిరింపు కూలికీ చాలని ఉన్ని ధర

బికనీర్: తెల్లవారుతూనే పిల్లలను తల్లుల పాలకు వదలడంతో ఇక్కడి చిన్న గొర్రెల పెంపకందారుల దినచర్య మొదలవుతుంది. పొద్దెక్కాక మంద జమ్మి చెట్ల బీళ్లకు తరలితే, ఇంట మిగిలినవారు దొడ్డి ఊడ్చి ఎరువు పోగుచేస్తారు. తివాచీలకు పనికివచ్చే, మెరుపుగల ఉన్నినిచ్చే మగ్రా జాతికి పుట్టినిల్లు ఈ ప్రాంతమే.

అయితే న్యూజిలాండ్ తదితర దేశాల మెత్తని ఉన్ని దిగుమతి అవుతుండటంతో దేశవాళీ ముతక ఉన్నికి గిరాకీ సన్నగిల్లింది. పలుచోట్ల ఉన్ని అమ్మిన సొమ్ము కత్తిరింపు కూలికి సైతం చాలడం లేదు. అలాగని కత్తిరించకుండా వదిలితే జీవాలు ఎండకు తాళలేవు. కుటుంబాలు గడిచేది మాంసానికి అమ్మే పొట్టేళ్ల మీదనే.

2019 పశుగణన ప్రకారం దేశంలోని 7.42 కోట్ల గొర్రెలలో 1.9 కోట్లతో తెలంగాణది ప్రథమ స్థానం, ఆంధ్రప్రదేశ్‌ది ద్వితీయ స్థానం, రాజస్థాన్‌ది నాలుగోది. ఉన్ని ఉత్పత్తిలో మాత్రం రాజస్థాన్‌దే పైచేయి. నెల్లూరు జాతికి ఉన్నది ఉన్ని కాదు, వెంట్రుకలే. ఆ కాపరికి ఈ బెడద లేదు.