లారీని దాటడానికి ఎంత రోడ్డు కావాలి?

నంద్యాల నుంచి గిద్దలూరు పోయే బస్సులో డ్రైవరు వెనకాలే సీటు దొరికింది నాకు. నల్లమల ఘాట్ మొదలవగానే ముందు ఒక నాపరాళ్ల లారీ తగులుకుంది. మూలుగుతూ ఎక్కుతోంది. రెండు వరసల రోడ్డు, అడుగడుగునా మలుపు. పావుగంట ఓపిక పట్టిన కుర్రాడొకడు సీట్లోంచి లేచొచ్చి, "డ్రైవరన్నా, ఒక్కసారి లాగితే దాటిపోమా?" అన్నాడు. "ఆ మలుపు అవతల ఏమొస్తాండాదో నీకు కనపడతాందా అబ్బీ?" అన్నాడాయన, వెనక్కి తిరక్కుండానే.

ఎంత దూరం కనపడితే సరిపోతుందో లెక్క కట్టొచ్చు. కారు పొడవు 4 మీటర్లు, లారీది 12 మీటర్లు అనుకుందాం. కారు లారీకి 20 మీటర్ల వెనక నుంచి బయల్దేరి, దాన్ని దాటాక ఇంకో 20 మీటర్ల ఎడం ఇచ్చి మళ్లీ ఎడమకు రావాలి. మొత్తం 56 మీటర్లు. లారీ కన్నా కారు అదనంగా నడవాల్సిన దూరం ఇది. లారీ గంటకు 50 కిలోమీటర్లతో, కారు 70తో పోతుంటే తేడా 20. అంటే సెకనుకు ఐదున్నర మీటర్ల చొప్పున 56 మీటర్లకు 10 సెకన్లు. ఆ పది సెకన్లలో కారు రోడ్డు మీద నడిచేది దాదాపు 195 మీటర్లు. ఎదురుగా ఇంకో కారు 70లోనే వస్తుంటే అదీ అంతే నడుస్తుంది. వెరసి 390 మీటర్ల ఖాళీ ఉండాలి. ఇది ఒకరికొకరు తగలకుండా బయటపడే లెక్క మాత్రమే. పైగా కారు ముందే 70 అందుకుని ఉందని అనుకున్నాం. లారీ తోక పట్టుకుని 50లో పోతూ అప్పుడు పుంజుకోవాలంటే ఇంకా ఎక్కువ కావాలి.

ఇప్పుడు చట్టం సంగతి. ఇలాంటి మామూలు రోడ్ల మీద గరిష్ఠ వేగం కార్లకు 70, లారీలకు 60 అని 2018 ఏప్రిల్‌లో కేంద్రం ప్రకటించింది. రెండు బళ్లూ చట్టాన్ని పాటిస్తున్నాయనుకోండి. తేడా పదే! అదే 56 మీటర్లకు 20 సెకన్లు పడుతుంది. ఎదుటి బండితో కలిపి 780 మీటర్ల రోడ్డు ఖాళీగా ఉండాలి. మన రెండు వరసల రోడ్ల మీద అంత దూరం చెట్టూ మలుపూ ఎద్దుబండీ అడ్డం లేకుండా కనిపించే చోట్లు ఎన్నుంటాయి? పరిమితి దగ్గరలో పోయే బండిని పరిమితి లోపల దాటడం దాదాపు కుదరని పని. ఈ మాట చట్టంలో ఎక్కడా ఉండదు, ఆ రెండు అంకెల మధ్య దాక్కుని ఉంటుంది.

అందుకే అందరూ "ఆ కాసేపే" అని 90కి తొక్కుతారు. నిజం చెప్పాలంటే ఆ కక్కుర్తిలో కొంత లెక్క ఉంది. లారీ 60లోనే ఉంటే 20 సెకన్ల పని ఏడు సెకన్లలోపే అయిపోతుంది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో చట్టమే దీన్ని ఒప్పుకుంటుంది. ఒక్కో దిశకు ఒక్కో వరసే ఉన్న రోడ్డు మీద, పరిమితి కన్నా నెమ్మదిగా పోతున్న బండిని దాటేందుకు, అవసరమైనంత దూరం మాత్రమే పరిమితి మించవచ్చు. ఆ రాష్ట్రంలోని సియాటిల్‌లో ఉండే మనవాళ్లు ఆ అలవాటుతో ఇక్కడికొచ్చి స్టీరింగ్ పడితే కష్టం. 70 నుంచి 90కి పోతే గుద్దుకునే శక్తి 65 శాతం పెరుగుతుంది, ఎందుకంటే అది వేగంతో కాదు, వేగం వర్గంతో పెరుగుతుంది. బ్రేకు తొక్కాక బండి జారే దూరమూ అదే నిష్పత్తిలో పెరుగుతుంది.

అసలు చిక్కు కంటి దగ్గరుంది. రెండున్నర మీటర్ల వెడల్పు లారీ 290 మీటర్ల దూరంలో ఉన్నప్పుడు మన కంటికి పున్నమి చంద్రుడంత వెడల్పు కనిపిస్తుంది. అరకిలోమీటరు దూరంలో ఉంటే అందులో సగానికి కాస్త ఎక్కువ. ఎదురొచ్చే బండి వేగాన్ని కన్ను నేరుగా కొలవలేదు. ఆ బొమ్మ ఎంత త్వరగా పెద్దదవుతోందన్న దాన్ని బట్టి పోల్చుకుంటుంది. ఆ పెరుగుదల సెకనుకు సుమారు 0.003 రేడియన్లు, అంటే డిగ్రీలో ఆరో వంతు దాటితేనే మెదడుకు "ఇది మీదికొస్తోంది" అని తెలుస్తుంది. చెరి 80 కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా వస్తున్నప్పుడు, లారీ విషయంలో ఆ గీటు దాటేది 190 మీటర్ల దగ్గర. మిగిలేది నాలుగు సెకన్ల పైచిలుకు. 80 సెంటీమీటర్ల వెడల్పుండే మోటారు సైకిలైతే 110 మీటర్ల దగ్గర, రెండున్నర సెకన్లకు. అంతదాకా అది కదలకుండా నిలబడ్డ చుక్కే. రాత్రిపూట ఒక హెడ్‌లైటు పోయిన లారీ మోటారు సైకిల్‌లా కనిపించి మోసం చేసేదీ ఇక్కడే. "దూరంగా ఉందిలే" అనిపించడం నిర్లక్ష్యం అనేస్తాం గానీ, చాలాసార్లు అది కంటికి ఉన్న హద్దు.

రోడ్లు గీసే ఇంజనీర్లు ఎంత దూరం కనబడాలో ముందే లెక్క వేస్తారు. 80 కిలోమీటర్ల వేగానికి బండి ఆగడానికి 120 మీటర్లు కనబడితే చాలు, దాటడానికి మాత్రం 470 మీటర్లు కనబడాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం. డ్రైవరు కన్ను నేల నుంచి 1.2 మీటర్ల ఎత్తున ఉంటుందని అనుకుని వేసిన లెక్క ఇది. రోడ్డు మధ్య గీత తెగి తెగి ఉన్నచోట చూసుకుని దాటొచ్చు. తెగని గీత ఉన్నచోట దాటకూడదు. రెండు గీతలు పక్కపక్కన ఉంటే మన వైపున్నదే మనకు వర్తిస్తుంది. 2019 సవరణ తర్వాత, నిబంధనలకు విరుద్ధంగా దాటడం మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ కింద ప్రమాదకరమైన డ్రైవింగే. స్వీడన్ అయితే మనిషి కంటినీ ఓపికనూ నమ్మడం మానేసింది. 1998లో యేవ్లె దగ్గర ఉన్న రోడ్డునే మూడు వరసలు చేసి, నడిమి వరసను కొంత దూరం ఇటువాళ్లకు, కొంత దూరం అటువాళ్లకు ఇచ్చి, మధ్యలో ఉక్కు తాళ్ల కంచె కట్టారు. దాటేవాడికి ఎదురొచ్చేవాడే లేడు. అలాంటి రోడ్లమీద చావులు బాగా తగ్గాయి.

మన దగ్గర ఆ కంచె పని లారీ డ్రైవరు చెయ్యి చేస్తుంది. 1989 నాటి నిబంధనల్లో, ముందువాడు సైగ చేయకుండా వెనకవాడు దాటకూడదని స్పష్టంగానే ఉండేది. ఇప్పుడు చాలాచోట్ల ఆ చెయ్యి స్థానంలో ఇండికేటరు వచ్చి కూర్చుంది. దాంతో కొత్త తిప్పలు. కుడి ఇండికేటరు వేస్తే "నేను కుడికి తిరుగుతున్నా" అనా, "నువ్వు కుడి నుంచి పో" అనా? ఒకే లైటుకు రెండు అర్థాలు, రెండూ ఒకదానికొకటి అడ్డం. నాకైతే చెయ్యే నయం.

ఘాట్ దిగాక రోడ్డు తిన్నగా సాగింది. గీత తెగి తెగి కనబడింది. లారీ డ్రైవరు కుడి చెయ్యి బయటపెట్టి ముందుకు ఊపాడు. అయినా మా డ్రైవరు వెంటనే లాగలేదు. బస్సును కాస్త కుడికి తెచ్చి, తల వంచి చూసి, మళ్లీ ఎడమకు తీసుకున్నాడు. ఒక మోటారు సైకిలు వెళ్లిపోయింది. మళ్లీ కుడికి తెచ్చి చూశాడు. ఈసారి హారను కొట్టి గేరు మార్చాడు. నేను మనసులో లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఐదుకు లారీ వెనక చక్రాలు మా కిటికీ పక్కకొచ్చాయి, ఎనిమిదికి క్యాబిన్. పదకొండుకు బస్సు ఎడమకొచ్చింది.