తాత బీరువా ఎవరికి?
పాత మిద్దెల్లో పుస్తకాలు - ఉంచుకోవాలా, ఇచ్చేయాలా?

విడవలూరు: ఎద్దులు అమ్మాలంటే సంత ఉంది. వడ్లు అమ్మాలంటే మిల్లు ఉంది. తాత కొన్న నాలుగు బీరువాల పుస్తకాలు ఏం చెయ్యాలని అడిగితే మాత్రం ఊళ్లో జవాబు చెప్పేవారు తక్కువ. విడవలూరు, కోవూరు, అల్లూరు, ఇందుకూరుపేట ప్రాంతాల్లో పాత మిద్దె ఇళ్లు ఒక్కొక్కటే తాళం పడుతున్నాయి. పిల్లలు నెల్లూరులోనో, హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉంటున్నారు. పొలం కౌలుకు పోతుంది. పాత్రలు పంచుకుంటారు. మంచాలు, బోషాణాలు కొనేవాళ్లున్నారు. చివరకు మిగిలేది పుస్తకాల బీరువాయే.

ఈ తీరంలో రైతుల ఇళ్లకు పుస్తకం కొత్త వస్తువు కాదు. 1921 ఏప్రిల్‌లో గాంధీజీ పెన్న ఒడ్డున పల్లిపాడుకు వచ్చి పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని ప్రారంభించారు. ఆ గాలికి ఊరూరా చదువుకునే అలవాటు పుట్టింది. పోస్టులో పత్రికలు తెప్పించుకున్న రైతులు, నెలనెలా 'భారతి' సంచికలు దారంతో కుట్టి అట్టలు వేయించిన బడిపంతుళ్లు, మద్రాసు వెళ్లినప్పుడల్లా వావిళ్ల వారి పుస్తకాలు తెచ్చుకున్న కరణాలు ఈ పల్లెల్లోనే ఉండేవారు. వాళ్లు పోయారు. పుస్తకాలు ఉన్నాయి.

పుస్తకం పరాయి చేతికి పోతే పోయినట్టేనని పెద్దలు అంటారు. అందుకే చాలామంది ఇవ్వరు. మా నాయన జ్ఞాపకం, ఉండనీ అంటారు. ఉండనిస్తే ఏమవుతుందో బీరువా తెరిచి చూస్తే తెలుస్తుంది.

ఉప్పుగాలికి ఏది ఆగుతుంది?

సముద్రానికి దగ్గర ఊళ్లలో గాలి ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది. గాలిలోని ఉప్పు చెమ్మను ఇంకా లాగుతుంది. ఇనుప బీరువా తుప్పు పడుతుంది, చెక్క బీరువా ఉబ్బి తలుపు పట్టేస్తుంది. మనకు పెద్దవానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురుస్తాయి. మూసిన గదిలో ఆ మూడు నెలలు గడిస్తే అట్టల మీద బూజు తెల్లగా అల్లుకుంటుంది. రామబాణం పురుగు జిగురు కోసం వచ్చి కాగితం తింటుంది. చెదలు గోడ వెంబడి వస్తాయి. గోడకు ఆనించిన బీరువా వెనక చెక్క తొలిచి, బయటికి ఏమీ కనిపించకుండా లోపలంతా మట్టి చేస్తాయి. తలుపు తీసి పుస్తకం లాగితే చేతికి అట్ట ఒక్కటే వస్తుంది.

తాటాకు గ్రంథాలకు పూర్వం నిమ్మగడ్డి నూనె పట్టించేవారు. ఆకు మెత్తగా ఉండేది, పురుగూ దగ్గరికి రాదు. అచ్చు కాగితం అంత గట్టిది కాదు. పాత గుడ్డపీలికల కాగితం నూట యాభై ఏళ్లయినా నిలుస్తున్నది కాని, తరువాత వచ్చిన కట్టెగుజ్జు కాగితంలో ఆమ్లం ఉంటుంది. అది ముట్టుకోకపోయినా దానంతట అదే పసుపెక్కి పెళుసుబారుతుంది. అందుచేత తాత కాలపు పుస్తకం కంటే ముత్తాత కాలపు పుస్తకమే గట్టిగా ఉండడం కొన్ని ఇళ్లలో కనిపించే వింత.

వీటన్నిటి మీద తుపానులు. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపాను ఈ ప్రాంతం వారికి చెప్పనక్కరలేదు. 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు కోవూరు వైపు ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. అలాంటప్పుడు ఎవరైనా ముందు పిల్లల్ని, పశువుల్ని, వడ్ల బస్తాల్ని చూసుకుంటారు. అది న్యాయమే. పుస్తకాలు ఆ వరసలో ఆఖరుకు కూడా రావు.

అలగానిపాడు నుంచి బాగ్‌లింగంపల్లికి

ఇచ్చేస్తే ఏమవుతుందో చూడడానికి దూరం వెళ్లనక్కరలేదు. విడవలూరు మండలం అలగానిపాడులో 1913 మే 1న పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య కమ్యూనిస్టు నాయకుడుగా అందరికీ తెలుసు. ఆయన రాజకీయం నచ్చినవారూ నచ్చనివారూ జిల్లాలో ఉన్నారు. ఇక్కడ ప్రసక్తి ఆయన పుస్తకాలది. సుందరయ్య చదివే మనిషి, రాసే మనిషి. తెలంగాణ సాయుధ పోరాటం మీద 1972లో వచ్చిన ఆయన పెద్ద గ్రంథం చూస్తే ఎన్ని కాగితాలు దాచి ఉంటారో ఊహించవచ్చు. ఆస్తిని పార్టీకి ఇచ్చేశారు. సంతానం లేదు. 1985 మే 19న కన్నుమూశారు.

ఆయన పేరున 1988లో హైదరాబాదు బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఏర్పడింది. అక్కడి గ్రంథాలయానికి మొదటి పెట్టుబడి ఆయన సొంత పుస్తకాలే. ఒక ఇంట్లోనో ఆఫీసులోనో మూలపడవలసిన పుస్తకాలు చదువుకునే పిల్లల ముందుకు వచ్చాయి. అలగానిపాడుకు రాలేదే అని ఊరివాళ్లకు అనిపించవచ్చు. అనిపించడంలో తప్పు లేదు. ఊళ్లో ఉంటే ఊరికి పేరు. కాని పరిశోధన చేసే విద్యార్థి హైదరాబాదు బస్సెక్కినంత సులువుగా అలగానిపాడు బస్సెక్కడు. పుస్తకం ఎవరికోసం అన్నది ముందు తేల్చుకుంటే, ఎక్కడ ఉండాలన్నది సగం తేలినట్టే.

అదే కేంద్రానికి తరువాత మరో పెద్ద సొత్తు చేరింది. హైదరాబాదులో అబ్దుస్ సమద్ ఖాన్ అనే ఆయన ఏళ్ల తరబడి ఉర్దూ పుస్తకాలు, పత్రికలు ఏరి ఏరి పోగుచేశారు. సర్కారు కాదు, విశ్వవిద్యాలయం కాదు, ఒక్క మనిషి. ప్రపంచంలో ప్రైవేటు మనుషుల దగ్గర ఉన్న ఉర్దూ అచ్చు పుస్తకాల్లో మేలైన వాటిలో ఒకటిగా దానికి పేరు వచ్చింది. ఒక్కడి చేతిలో నిలిచే పరిమాణం దాటిపోయింది. చివరకు 1990లలో అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయం తోడ్పాటుతో ఆ సేకరణ సుందరయ్య విజ్ఞాన కేంద్రానికి వచ్చింది. చెదిరిపోకుండా, దేశం దాటకుండా ఒక్కచోట నిలిచింది. ఇక భయం లేదనుకున్నారు.

2000 ఆగస్టు 24న హైదరాబాదులో కుండపోత కురిసింది. బేగంపేటలో ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన. నాలాలు పొంగాయి. బాగ్‌లింగంపల్లిలో విజ్ఞాన కేంద్రంలోకి నీళ్లు వచ్చి ఉర్దూ పుస్తకాలు తడిసి ముద్దయ్యాయి. వాటిని ఎత్తి కాపాడడం పెద్ద పని అయింది. తడిసిన పుస్తకాన్ని మనం ఎండలో పరుస్తాం. కాగితం వంకర తిరుగుతుంది, పేజీలు అంటుకుంటాయి. రెండు మూడు రోజులు దాటితే బూజు వస్తుంది. పెద్ద లైబ్రరీలవారు అలాంటప్పుడు పుస్తకాలను కవర్లలో చుట్టి, రొయ్యలు నిలవచేసినట్టు, అతిశీతల గదుల్లో గడ్డకట్టిస్తారు. బూజు ఆగుతుంది. తరువాత తీరికగా ఆరబెట్టుకోవచ్చు. రొయ్యల కోల్డ్ స్టోరేజీలు ఉన్న మన తీరంలో ఈ సంగతి తెలిసి ఉంటే ఎప్పుడైనా అక్కరకు రావచ్చు.

ఇచ్చేసినంత మాత్రాన పుస్తకం బతుకుతుందని రాసి ఇచ్చేవారు లేరని ఆ వాన చెప్పింది. ఇంట్లోనే ఉండిపోతే, తడిసినప్పుడు ఎత్తడానికి అంతమంది వచ్చేవారా అన్నదీ ఆలోచించాలి.

అమ్మినవారూ ఉన్నారు

ఇవ్వడం అంటే దానమే కానక్కరలేదు. తమిళనాడు చెట్టినాడులోని కొట్టయ్యూరులో రోజా ముత్తయ్య చెట్టియార్ అనే బొమ్మల కళాకారుడు తమిళ పుస్తకాలు, పత్రికలు, నాటకాల నోటీసులు, కరపత్రాలు, ఏది దొరికితే అది దాచారు. దాదాపు లక్ష దాకా చేరాయి. ఆయన 1992లో పోయారు. కుటుంబం ఏం చెయ్యాలి? విడివిడిగా అమ్మితే ఎక్కువ డబ్బు రావచ్చు, సేకరణ ముక్కలవుతుంది. చివరకు షికాగో వారే మొత్తం కొన్నారు. కొని అమెరికాకు ఎత్తుకుపోలేదు. 1994లో మద్రాసులోనే ఆయన పేరు మీద గ్రంథాలయం పెట్టారు. కుటుంబానికి సొమ్ము అందింది, ఆయన పేరు నిలిచింది, తమిళుల పుస్తకాలు తమిళుల దగ్గరే ఉన్నాయి. ఇంతకంటే మంచి బేరం అరుదు.

ఇంకా వెనక్కు వెళితే కర్నల్ మెకంజీ ఉన్నాడు. ఆయన మనుషులు, తెలుగువారైన కావలి సోదరులు, ఊరూరా తిరిగి కరణాల దగ్గర కైఫీయతులు రాయించారు. మెకంజీ 1821లో చనిపోయాక ఆయన భార్య ఆ సేకరణను ఈస్టిండియా కంపెనీకి లక్ష రూపాయలకు అమ్మింది. భర్త కష్టం అమ్ముకుందని ఆనాడు ఎవరైనా అన్నారేమో. అమ్మబట్టే మన జిల్లా ఊళ్ల కైఫీయతులు ఈనాడు పుస్తకాలుగా అచ్చయి చేతికి వస్తున్నాయి. ఆ కరణాల ఇళ్లలోనే ఉండి ఉంటే ఎన్ని మిగిలేవి?

కడపలో కలెక్టరాఫీసు ఉద్యోగం చేస్తూ సొంత జీతం పెట్టి పండితుల చేత తెలుగు కావ్యాలకు మేలుప్రతులు రాయించిన బ్రౌను దొర కూడా తన సేకరణను దగ్గర పెట్టుకోలేదు. బతికి ఉండగానే మద్రాసు లిటరరీ సొసైటీకి అప్పగించారు. అవి తరువాత ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారానికి చేరాయి. ఇచ్చేవాడు బతికి ఉండగా ఇవ్వడంలో ఒక లాభం ఉంది. ఏ ప్రతి ఎక్కడ దొరికింది, ఏది మంచిది, ఏది తప్పులతడక అన్నది చెప్పగలిగేది అతనొక్కడే. మనిషి పోయాక మిగిలేవి బొత్తులు.

మన ఊరి లైబ్రరీకి ఇస్తేనో?

చాలామందికి ముందు తోచే దారి ఇదే. ఇంటిపన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతున్నాం గదా, వాళ్లకే ఇస్తే పోలేదా అంటారు. ఆలోచన మంచిదే. అయితే ఊరి శాఖా గ్రంథాలయం అంటే చాలాచోట్ల ఒకటి రెండు గదులు, నాలుగు అలమరాలు. వచ్చేవారికి దినపత్రిక కావాలి, ఉద్యోగ పరీక్షల పుస్తకం కావాలి, పిల్లల కథలు కావాలి. వాళ్ల ముందు రెండువేల పాత పుస్తకాలు గుమ్మరిస్తే అవి గోనెసంచుల్లోనే ఉండిపోతాయి. తప్పు లైబ్రేరియన్‌ది కాదు, చోటుది. నవలలు, కథలు, వ్యవసాయం పుస్తకాలు, పిల్లలవి అక్కడికి సరిపోతాయి. పాత పత్రికల సంచికలు, 1950కి ముందటి అచ్చులు, ఊరి చరిత్రలు, తాటాకులు అక్కడ కాక, వాటికోసమే ఉన్నచోటికి వెళ్లాలి.

అలాంటి చోటు ఈ తీరంలోనే ఒకటి ఉంది. గూడూరు - విజయవాడ రైలుమార్గంలో చీరాలకు ముందు వచ్చే వేటపాలెంలో సారస్వత నికేతనం. ఇప్పుడు బాపట్ల జిల్లా కిందికి వస్తుంది. 1918లో ఒక ఊరివాళ్లు పెట్టుకున్న లైబ్రరీ అది. 1929లో గాంధీజీ దాని భవనానికి శంకుస్థాపన చేశారు. పట్నాల్లో దొరకని పాత తెలుగు పత్రికల కోసం పరిశోధకులు నేటికీ ఆ చేనేత ఊరికి వెళుతుంటారు. పల్లెలో పుస్తకం నిలవదన్నవారికి వేటపాలెం చాలు. అక్కడ నిలిచింది గోడల వల్ల కాదు, తరం తరువాత తరం పట్టించుకున్న మనుషుల వల్ల.

ఫోనులో అన్నీ దొరుకుతున్నాయి గదా, ఈ కాగితాలెందుకన్న మాట కూడా వినిపిస్తున్నది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వంటి పథకాల కింద వేల తెలుగు పుస్తకాలు స్కాను అయిన మాట నిజం. కొన్నిటిలో పేజీలు ఎగిరిపోయాయి, కొన్ని అలుక్కుపోయాయి. అందుకని బీరువాలో ఉన్న ప్రతి ముందు వెతికి చూడాలి. అక్కడ చక్కగా ఉన్న పుస్తకం ఇక్కడ చెదల పాలయితే లోకానికి నష్టం లేదు. అక్కడ లేనిదే మన దగ్గర ఉంటే మాత్రం తూకానికి వెయ్యరాదు. తాత మార్జిన్లో పెన్సిలుతో రాసిన మాట, అట్ట లోపల గుర్తు పెట్టుకున్న వాన లెక్క, ధాన్యం ధర ఎక్కడా స్కాను కాలేదు. అవి ఇంటివే. ఆ నాలుగు పుస్తకాలు ఉంచుకోవడానికి ఎవరి సలహా అక్కరలేదు.

మిగిలినవాటికి ముందు కావలసింది ఒక నోటు పుస్తకం. పేరు, రాసినవారు, అచ్చయిన ఊరు, ఏడాది, ఎలా ఉంది అన్న అయిదు గడులు గీసుకుంటే ఇంటరు చదివే పిల్లలు ఇద్దరు సెలవుల్లో పూర్తిచేస్తారు. జాబితా లేకుండా ఏ లైబ్రరీకి ఉత్తరం రాసినా జవాబు రావడం కష్టం. జాబితా ఉంటే ఏవి కావాలో వాళ్లే గుర్తుపెట్టి పంపుతారు. ఇచ్చేటప్పుడు ఎన్ని పుస్తకాలో రాసి రసీదు తీసుకోవాలి. వాళ్లకు అక్కరలేనివి తిరిగి ఇస్తారా, ఇంకొకరికి ఇస్తారా అన్నది ముందే కాగితం మీద ఉండాలి. తరువాత అలమరాలో కనపడలేదని బాధపడడం కంటే అది నయం.

అన్నదమ్ములు పంచుకుందామనే ఇళ్లలో ఇంకో ప్రమాదం ఉంది. 'భారతి' సంచికలు ఏడాదికి పన్నెండు. తలా ఆరు తీసుకుంటే ఇద్దరి దగ్గరా ఏమీ లేనట్టే. పత్రికల వరస ఎక్కడున్నా ఒక్కచోటే ఉండాలి.

ఏ నిర్ణయమూ తేలనివారు కనీసం బీరువాను గోడకు జానెడు ఇవతలకు జరపాలి. కాళ్ల కింద రాళ్లు పెట్టి, పై అరల్లో పాత పత్రికలు, అడుగున కొత్తవి సర్దాలి. పుస్తకాలు దించి ఎండ పడని వరండాలో ఒక పూట గాలికి ఆరబెట్టడానికి సెప్టెంబరు మంచిది. అక్టోబరు వస్తే ఈదురుగాలి, ముసురు మొదలవుతాయి. ఆపైన సంక్రాంతి దాకా ఆ తలుపు తీసేవారుండరు.