మానిఫోల్డు లీకు: గ్యాస్కెట్ ఒక్కటే మారిస్తే చాలదు

పొద్దున్నే పాత బండి స్టార్ట్ చేయగానే బానెట్ కింద నుంచి ‘టిక్ టిక్’మని చప్పుడు. నాలుగు కిలోమీటర్లు తిరిగేసరికి దానంతటదే ఆగిపోతుంది. టాపెట్లు కొడుతున్నాయనుకుని సెట్ చేయిస్తారు చాలామంది. మర్నాడు పొద్దున చప్పుడు మళ్లీ హాజరు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు వచ్చి, వేడెక్కాక పోయే చప్పుడైతే ఎగ్జాస్ట్ మానిఫోల్డును కూడా అనుమానించాలి. టార్చి వేసి చూస్తే, హెడ్డుకూ మానిఫోల్డుకూ మధ్య అతుకు దగ్గర సన్నటి మసి చార కనిపించవచ్చు. లీకు ఎక్కడుందో ఆ చారే చెబుతుంది.

సిలిండర్లలో కాలిన వాయువులను పోగుచేసి సైలెన్సర్ గొట్టంలోకి పంపే పోత ఇనుప భాగం మానిఫోల్డు. ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకునే క్షణంలో సిలిండర్‌లో ఒత్తిడి బయటి గాలి కంటే ఇంకా చాలా ఎక్కువే ఉంటుంది. ఆ వాయువు సన్నటి సందులోంచి దూసుకొచ్చినప్పుడల్లా ఒక ‘టిక్’. ఐడిలింగ్‌లో ఇంజిన్ నిమిషానికి 900 చుట్లు తిరుగుతుంటే, ఫోర్ స్ట్రోక్ కాబట్టి ఒక్కో సిలిండర్ నిమిషానికి 450 సార్లు పొగ వదులుతుంది. అంటే సెకనుకు ఏడెనిమిది టిక్కులు.

ఆ సందు ఎలా పుడుతుంది? పోత ఇనుము మీటరు పొడవుకు, ఒక డిగ్రీ సెల్సియస్ వేడికి సుమారు 11 మైక్రాన్లు వ్యాకోచిస్తుంది. అర మీటరు మానిఫోల్డు 25 డిగ్రీల నుంచి 525 డిగ్రీలకు చేరితే దాదాపు 2.7 మిల్లీమీటర్లు పెరుగుతుంది. దాన్ని మోసే పోత ఇనుప హెడ్డు చుట్టూ నీళ్లు తిరుగుతుంటాయి కనుక వంద డిగ్రీల దగ్గరే ఆగి, అర మిల్లీమీటరు కూడా పెరగదు. ఈ తేడాను చెరి సగం పంచుకుంటూ మానిఫోల్డు రెండు కొసలూ హెడ్డు మీద జరగాలి. బండి ఆగి చల్లారినప్పుడు వెనక్కి రావాలి. రోజూ జరిగే ఈ రాపిడిని భరించాల్సింది మధ్యలో ఉన్న గ్యాస్కెట్.

మానిఫోల్డును హెడ్డుకు బిగించే స్టడ్లు దాన్ని జరగనివ్వకపోతే ఇనుము లోలోపలే నలుగుతుంది. ఎర్రగా కాగిన స్థితిలో కాస్త మెత్తబడి అణిగిపోయిన లోహం చల్లారాక పాత పొడవుకు రాదు. ఏళ్ల తరబడి ఇలా జరిగిన మానిఫోల్డు పొట్టిదవుతుంది, వంకర తిరుగుతుంది. విప్పి మళ్లీ ఎక్కించబోతే చివరి రంధ్రాలు స్టడ్లతో కలవవు. చివరి స్టడ్లు తరచూ విరిగేదీ, లీకు ఎక్కువగా కొసల్లో మొదలయ్యేదీ అందుకే.

చప్పుడొక్కటే సమస్యయితే ఓర్చుకోవచ్చు. ఒక్కో విడత వాయువు బయటకు దూకిన వెనకే మానిఫోల్డులో ఒత్తిడి క్షణకాలం తగ్గి, అదే సందులోంచి బయటి గాలి లోపలికి వస్తుంది. ఆక్సిజన్ సెన్సర్ ఉన్న ఇంజెక్షన్ బండిలో లీకు సెన్సర్‌కు ముందు ఉంటే, ఇంధనం చాలడం లేదని కంప్యూటర్ పొరబడి మరింత పోస్తుంది. మైలేజీ పడిపోతుంది. టర్బో డీజిల్‌లోనైతే టర్బోను తిప్పాల్సిన వాయువు దారిలోనే పోయి పికప్ తగ్గుతుంది. అన్నిటికంటే ప్రమాదం కార్బన్ మోనాక్సైడ్. రంగూ వాసనా లేని ఆ వాయువు ఫైర్‌వాల్ కంతల్లోంచి క్యాబిన్‌లోకి చేరవచ్చు.

గ్యాస్కెట్లలో పాతకాలం రకం ఆస్‌బెస్టాస్‌ది. వేడికి నిలుస్తుంది గానీ దాని నార ఊపిరితిత్తుల్లో చేరితే క్యాన్సర్ తెస్తుంది. పాత ముక్కలను పొడిగా గీకకూడదు, గాలి కొట్టి ఊదకూడదు. బాగా తడిపి, తగిన మాస్కు వేసుకుని తీయాలి. ఉక్కు రేకుకు గ్రాఫైట్ అద్దిన గ్యాస్కెట్ చిన్న చిన్న గుంటలను పూడ్చుకుంటుంది, జారుడుకూ పనికొస్తుంది. అయితే గాలి తగిలే చోట 500 డిగ్రీల ప్రాంతంలో గ్రాఫైట్ మెల్లగా కాలిపోతుంది. మైకా జాతి ఖనిజాలతో చేసినవి అంతకన్నా వేడిని తట్టుకుంటాయి. పలుచటి స్ప్రింగు ఉక్కు రేకులను పొరలుగా పేర్చిన ఎంఎల్ఎస్ రకంలో, పోర్టు చుట్టూ ఉబ్బెత్తు గట్టు ఉంటుంది. అతుకు కాస్త వదులైనా ఆ గట్టు తిరిగి లేచి సందును మూస్తుంది. కానీ దానికి నున్నటి, చదునైన ముఖం కావాలి. గుంటలు పడిన పాత మానిఫోల్డుకు ఎంఎల్ఎస్ వేస్తే డబ్బు దండగ.

అంబాసిడర్‌నే తీసుకోండి. బ్రిటన్‌లో బీఎంసీ రూపొందించిన దాని 1,489 సీసీ పెట్రోల్ ఇంజిన్‌లో ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ రెండూ ఒకే వైపు ఉంటాయి. ఇలాంటి ఇంజిన్లలో పక్కపక్కనున్న రెండు ఫ్లాంజిలను (బిగింపు అంచులను) ఒకే మందపాటి వాషరు కలిపి నొక్కే చోట్లుంటాయి. ముఖాన్ని చెక్కి చదును చేసే ఫేసింగ్ చేయించినప్పుడు ఒక ఫ్లాంజి మాత్రమే పలుచబడితే వాషరు వాలిపోతుంది. నట్టు ఎంత బిగించినా నొక్కుడంతా మందంగా ఉన్న వైపే పడి, రెండోది వదులుగా ఉండిపోతుంది. ఎంత మంచి గ్యాస్కెట్ వేసినా ఆ లీకు ఆగదు.

అందుకే పని వరస ముఖ్యం. తుప్పు పట్టిన నట్లకు ముందురోజే పెనెట్రేటింగ్ ఆయిల్ కొట్టి నాననివ్వాలి. మానిఫోల్డు ఊడదీశాక ముఖం మీద స్ట్రెయిట్ ఎడ్జ్ ఆనించి, కింద ఫీలర్ గేజి దూర్చి చూడాలి. బండి మాన్యువల్ ఒప్పుకునే దానికంటే సందు ఎక్కువుంటే ఫేసింగ్ తప్పదు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల మెషిన్ షాపుల్లో ఈ పని చేస్తారు. రెండు మానిఫోల్డులు పక్కపక్కనుంటే జంటగా బిగించి ఒకే మట్టానికి తీయించాలి. సాగిన స్టడ్లను మళ్లీ వాడొద్దు. తుప్పుకు పట్టేయని ఇత్తడి నట్లు వేస్తే తర్వాతిసారి విప్పడం తేలిక. మామూలు సిలికాన్ పేస్టు ఈ వేడికి నిలవదు. టార్క్ రెంచితో మధ్య నుంచి కొసలకు, రెండు మూడు విడతల్లో బిగించాలి. మాన్యువల్ చెప్పిన టార్క్ కంటే ఎక్కువ బిగిస్తే జారాల్సిన మానిఫోల్డు మళ్లీ బందీ అవుతుంది.

కొటేషన్ అడిగేటప్పుడు గ్యాస్కెట్ ధర ఒక్కటే అడక్కండి. ఫేసింగ్, స్టడ్లు, నట్లు అందులో ఉన్నాయో లేదో చూసుకోండి. అవి లేని కొటేషన్ చౌకగా కనిపిస్తుంది గానీ, చివరికి అదే పనికి రెండుసార్లు డబ్బు కట్టిస్తుంది.