యూ లేని క్యూ

వేసవి సెలవులకు మా చెల్లెలి కొడుకు వచ్చాడు. పదమూడేళ్ళవాడు. బట్టల సంచీకంటె భద్రంగా ఒక అట్టపెట్టె వెంట తెచ్చుకున్నాడు. అందులో అడ్డం పదిహేను, నిలువు పదిహేను గళ్ళున్న బోర్డూ, ఇంగ్లీషు అక్షరాలున్న నూరు బిళ్ళలూ ఉన్నాయి. స్క్రాబుల్ అనే ఆట. ఏడేసి బిళ్ళలు తీసుకుని, మాటలు కూర్చి బోర్డుమీద పేర్చాలి. అక్షరానికి ఇన్ని పాయింట్లని లెక్క.

"మావయ్యా, నువ్వు తెలుగు మేష్టారివి. నిన్ను ఓడిస్తే నాకు పాపం వస్తుందేమో!" అన్నాడు. వాడి ధీమా అలాంటిది. సరే కదా అని కూర్చున్నాను.

మా నాన్నగారు పక్కనే పడకకుర్చీలో ఉన్నారు. ఆయనకు ఈమధ్య చెవి కొంచెం మందగించింది. పిల్లలు ఇంగ్లీషులో గలగల మాట్లాడుకుంటూంటే కాసేపు వాళ్ళ ముఖాలవంక చూసి, తర్వాత పత్రిక అడ్డం పెట్టుకుంటారు. పొద్దున్నే ఆమూలాగ్రం చదివేసిన పత్రికే అది. మనవడు వచ్చి నాలుగు రోజులైనా, "అన్నం తిన్నావురా?" "తిన్నాను తాతయ్యా" అన్నంతవరకే వాళ్ళిద్దరికీ మాటలు.

నా ఖర్మకొద్దీ క్యూ అక్షరం నా చేతిలో పడింది. నూరు బిళ్ళల్లో క్యూ ఒక్కటే, యూలు నాలుగే. అమెరికాలో 1930ల మాంద్యంలో పని పోయిన ఆల్ఫ్రెడ్ బట్స్ అనే ఆర్కిటెక్టు, వార్తాపత్రికల్లో ఏ అక్షరం ఎంత తరచుగా వస్తుందో లెక్కపెట్టి కట్టిన ఆట ఇది. 1948లో జేమ్స్ బ్రూనో స్క్రాబుల్ అని పేరు పెట్టి అమ్మకం మొదలుపెట్టాడు. క్యూకి పది పాయింట్లు. ఆట ముగిసేసరికి చేతిలో మిగిలిందా, ఆ పదీ మనకే కోత!

ఇంగ్లీషులో క్యూ వెనక యూ ఉండి తీరాలని చిన్నప్పుడు మనకందరికీ నేర్పారు. నిజానికి పాత ఇంగ్లీషులో ఈ జంట లేదు. 'క్వీన్' అన్న మాటను వాళ్ళు సీ, డబ్ల్యూలతో రాసుకునేవారు. 1066లో నార్మన్లు ఇంగ్లాండు గెలిచాక, ఫ్రెంచి రాతకు అలవాటుపడ్డ లేఖకులు క్యూ, యూలకు ముడి వేశారు. నాలుగు యూలూ అప్పటికే బోర్డెక్కి కూర్చున్నాయి. నేను దిక్కులు చూస్తున్నాను.

"యూ లేకపోతేనేం మావయ్యా! ఐదక్షరాలవి, యూ లేనివి, నాకు కంఠతా వచ్చు" అని మేనల్లుడు ఎక్కం చదివినట్టు అందుకున్నాడు: "ఫాకిర్, టాలక్, నైకాబ్, కిబ్లా, కోర్మా, కానట్..."

"అర్థాలేమిట్రా?"

"అర్థాలతో పనేముంది? జాబితాలో ఉంటే చాలు." పైగా సాక్ష్యం తెచ్చాడు. న్యూజీలాండు ఆటగాడు నైజెల్ రిచర్డ్స్ 2015లో ఫ్రెంచి స్క్రాబుల్ ఛాంపియన్ అయ్యాడట. అతనికి ఫ్రెంచి మాట్లాడడం రాదు, మాటల పట్టీని వల్లించాడంతే. ఇది నిజమే. నాకు జవాబు తోచలేదు.

పత్రిక కిందికి దిగింది.

"ఏమన్నావురా? ఫకీరా?"

నాన్నగారు కర్నూలు వైపు పెరిగినవారు. ఉర్దూ చెవినిండా విన్నారు. ఆపైన, 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చేదాకా తాలూకా కచేరీలో గుమాస్తాగిరీ. మనవణ్ణి ఒక్కొక్క మాటా మళ్ళీ చదవమన్నారు. ఫకీరు అంటే పేదవాడు, సన్యాసి. తలాకు విడాకులు. నిఖాబు ముఖంమీది ముసుగు. కిబ్లా నమాజువేళ తిరిగే దిక్కు, మక్కాలోని కాబా వైపు. "మరి కోర్మా?" అంటే, "మొన్న మీ అమ్మమ్మ వండితే మూడుసార్లు వేయించుకున్నావే, అదిరా!" అన్నారు. వాడు నోరు తెరిచాడు. కుర్మాకి ఇంగ్లీషు నిఘంటువులో చోటుందనీ, అదీ క్యూతో మొదలవుతుందనీ వాడికీ తట్టలేదు, నాకూ తట్టలేదు.

'కనాత్' ఒక్కటి ఆయనకు తెలియలేదు. అది నేను చెప్పాను. ఇరానులో కొండవాలున బావులు వరసగా తవ్వి, అడుగున సొరంగంతో కలిపి, ఏ యంత్రమూ లేకుండా పల్లానికి నీళ్ళు పారించే కాలువ. ఇలాంటిదే బహమనీల కాలంలో బీదరులో తవ్వారు. అక్కడ కారేజు అంటారు.

ఇవన్నీ ఎక్కువభాగం అరబ్బీ మాటలు. అరబ్బీలో కాఫ్ వేరు, ఖాఫ్ వేరు. రెండోది గొంతు అడుగునుంచి వస్తుంది. ఇంగ్లీషువాళ్ళు దానికి క్యూ కేటాయించారు. మనకు ఆ అక్షరం లేదు గనుక ఒకచోట క, ఒకచోట ఖ పెట్టి సర్దుకున్నాం. హక్కు, బాకీ, నకలు, కిస్తు, ఖైదీ, ఖరారు, తాలూకా: అన్నిటిలోనూ ఉన్నది ఆ ఖాఫే. నాన్నగారి ఉద్యోగమంతా ఈ ఏడు మాటల్లోనే గడిచిందనవచ్చు.

మేనల్లుడి వాగుడు నాకు కలిసివచ్చింది. 'ఫకీర్' పేర్చి పదిహేడు పాయింట్లు కొట్టాను. అయినా చివరికి ఓడాననుకోండి.

రెండో ఆటకు నాన్నగారే బోర్డు దగ్గరికి కుర్చీ జరుపుకున్నారు. ఈసారి క్యూ ఆయనకు వచ్చింది. క్యూ, ఏ, ఎల్, ఏ, ఎమ్ అని పేర్చి, "కలం!" అన్నారు. వాడు పుస్తకం తిరగేశాడు.

"కలం లేదు తాతయ్యా. కలందాన్ ఉంది."

"కలాలు పెట్టుకునే పెట్టె ఉండి, కలం లేకపోవడమేమిట్రా? ఎవడు రాశాడా పుస్తకం?"

ఆ తగాదా అన్నాలవేళదాకా సాగింది. మర్నాడు పత్రిక వచ్చినా ఆయన వెంటనే అందుకోలేదు. బిళ్ళలన్నీ బోర్లించి, ఏడు తీసుకుని, "వాణ్ణి లేపరా" అన్నారు.