తెగిన దారమే గురువు

వెంట్రుకవంటి పోగుతో ఈగను కట్టే విద్యలో అతి చిన్న ప్రమాదం, అతి పెద్ద పాఠం

గాలపు ముల్లు వేలిగోరు మీద ఒదిగేంత చిన్నది. బల్ల అంచుకు బిగించిన వైస్ దాని వంపును కరచి పట్టుకొని ఉన్నది. తోక స్థానంలో మూడు ఈకపోగులు అమరినవి. వాటి ముందు ఉన్ని నలిచి చుట్టిన సన్నని దేహం, దానిపై బంగారువన్నె తీగ చుట్లు. ఇక కోడిపుంజు మెడ ఈకను తల దగ్గర చుట్టి ముడి వేస్తే పని పూర్తి. అరగంట శ్రమ. బల్ల ముందు కూర్చున్న మనిషి ఊపిరి బిగబట్టి, ఆఖరి చుట్టును రవ్వంత గట్టిగా లాగాడు.

టప్‌మని చిన్న శబ్దం. అంతే, దారం తెగినది. రెప్పపాటులో ఈక విచ్చుకున్నది, తీగ సడలినది, దేహం వదులై ముల్లు చుట్టూ గిర్రున తిరిగినది. అరగంట క్రితం ఉన్న వట్టి ముల్లే మళ్లీ మిగిలేటట్లున్నది.

ఫ్లైలు కట్టేవారిలో ఈ అనుభవం ఎరుగనివారు ఉండరు. కొత్తగా నేర్చుకునేవారికి సామగ్రి అంతా మూటకట్టి అటకెక్కించాలనిపించే క్షణం కూడా ఇదే. అయితే ఆ విద్యలో ఆరితేరినవారు ఈ ప్రమాదాన్ని శత్రువుగా చూడరు. దారం ఎందుకు తెగినదో తెలుసుకున్ననాడే చేయి కుదురుతుందని వారి నమ్మకం.

ఈగ కాని ఈగ

మన పల్లెల్లో గాలం అనగానే గుర్తుకు వచ్చేది వానపాము ఎర. చల్లని కొండవాగుల్లో తిరిగే ట్రౌట్ చేప తీరు వేరు. నీటిలో పుట్టి పైకి వచ్చే, నీటిపై వాలే సన్నని కీటకాలంటే దానికి ప్రీతి. అంత సున్నితమైన ప్రాణిని ముల్లుకు గుచ్చితే రూపమే మిగలదు. అందువల్ల మనిషి ఈకలు, ఉన్ని, బొచ్చు, దారం చేర్చి, ఆ కీటకం పోలికను ముల్లుపైనే కట్టడం నేర్చుకున్నాడు. ఆ బొమ్మ కీటకానికే ఫ్లై అని పేరు.

ఈ విద్య చాలా పాతది. క్రీ.శ. 200 ప్రాంతంలో రోమన్ రచయిత ఏలియన్, మాసిడోనియాలోని ఆస్త్రేయస్ నదిపై జాలరుల పనితీరును వర్ణించాడు. వారు ముల్లుకు ఎర్రని ఉన్ని చుట్టి, కోడిపుంజు మెడ కింద పెరిగే ఈకలు రెండు కట్టి, చేపలను మభ్యపెట్టేవారు. 1496లో ఇంగ్లండులో అచ్చయిన గాలపు వేట గ్రంథం పన్నెండు రకాల ఫ్లైలను పేర్కొన్నది. మన దేశానికి బ్రిటన్ నుండి 1899లో కాశ్మీరుకు పంపిన ట్రౌట్ గుడ్లు దారిలోనే పాడైపోయినవి. 1900లో తిరిగి తెప్పించినవి బ్రతికి, అక్కడి వాగుల్లో సంతతిని నిలిపినవి. తరువాతి కాలంలో నీలగిరి వాగుల్లో కూడా ఆ చేప స్థిరపడినది. చేపతోపాటు దానిని పట్టే ఫ్లై కూడా ఆ కొండలెక్కినది.

ఇన్ని శతాబ్దాలలో ముల్లు మారినది, ఈకలు మారినవి, కొలతలు మారినవి. ముల్లుకూ ఈకకూ మధ్య బంధం మాత్రం మారలేదు. అది దారం.

బిగువులోనే బలం

ఫ్లై నిర్మాణంలో జిగురు పాత్ర స్వల్పం. చివరగా తలపై పెట్టే వార్నిష్ చుక్క ముడిని కాపాడుతుందే గాని ఈకలను పట్టి ఉంచే శక్తి దానికి లేదు. ఈకను, ఉన్నిని, తీగను ముల్లుకు అదిమి పట్టేది దారపు బిగువు ఒక్కటే. వదులుగా వేసిన పది చుట్లకన్నా బిగువుగా వేసిన మూడు చుట్లు మేలు. పైగా చుట్లు పెరిగినకొద్దీ ఫ్లై లావెక్కి, కీటకం పోలిక పోతుంది. కనుక దారం సన్నగా ఉండాలి, బిగువుగా పడాలి. సన్నని దారం బిగువుకు తట్టుకోలేదు. చిక్కంతా ఇక్కడే ఉన్నది.

దారం సన్నదనాన్ని డెనియర్ అనే కొలతతో చెబుతారు. 9000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అది అన్ని డెనియర్ల దారం. ఫ్లైలు కట్టేవారు తరచుగా వాడే 70 డెనియర్ దారం తొమ్మిది కిలోమీటర్లు పరచినా 70 గ్రాములకు మించదు.

ఇంత సన్నని పోగుతో రెండు మూడుసార్లు భంగపడినవాడు సహజంగానే జంకుతాడు. అప్పటినుండి ప్రతి చుట్టును ముద్దుగా, మెత్తగా వేయసాగుతాడు. దారం తెగదు, ఫ్లై కంటికి ఇంపుగానే ఉంటుంది. దాని అసలు గుణం నది ఒడ్డున బయటపడుతుంది. నాలుగుసార్లు విసిరేసరికి ఈక జారుతుంది, దేహం ముల్లు చుట్టూ తిరుగుతుంది. పొద్దుటినుండి ఎదురుచూసిన చేప పైకి వచ్చే వేళకు ముల్లు మీద మిగిలేది చెదరిన పీచు. బల్ల మీద తెగిన దారంవల్ల పోయేది అరగంట. తెగుతుందన్న భయంతో వదులుగా కట్టినదానివల్ల పోయేది ఆ రోజంతా.

తెంచడమే తొలి పాఠం

తెగేదాకా లాగరాదని మన సామెత. ఫ్లైలు కట్టే విద్యలో మంచి గురువు మొదటి రోజున దీనికి సరిగ్గా వ్యతిరేకంగా చెబుతాడు. వట్టి ముల్లును వైస్‌లో బిగించి, దారం పది చుట్లు వేసి, నిదానంగా తెగేదాకా లాగమంటాడు. తెగిన తరువాత మళ్లీ చుట్టి, మళ్లీ లాగమంటాడు. ఇట్లా పదిసార్లు.

ఈ అభ్యాసంలో వేళ్లకు ఒక భాష పట్టుబడుతుంది. నైలాన్ దారం తెగేముందు సాగుతుంది. ఆ సాగుడు వేలికి తెలుస్తుంది. పాలియెస్టర్ అంతగా సాగదు. పట్టు దారం సన్నని హెచ్చరిక మాత్రమే ఇస్తుంది. ఇటీవలి దశాబ్దాలలో వచ్చిన జెల్‌స్పన్ పాలిథిలీన్ దారం బలంలో వీటన్నిటినీ మించినది. దాదాపు సాగనే సాగదు. దానిని బలంకొద్దీ లాగితే దారానికి బదులు సన్నని ముల్లే వంగవచ్చు. మెత్తని బొచ్చు కోసుకుపోవచ్చు. బలమైన దారం దొరికినంతమాత్రాన చేతికి హద్దు తెలియనక్కరలేదని అనుకోరాదు.

హద్దు తెలిసిన తరువాత నియమం సులభం. తెగే బిందువుకు ఒక్క అడుగు ఇవతల ఆగి, ఆ బిగువుతోనే చుట్టాలి. కొత్త రీలు తీసిన ప్రతిసారీ మళ్లీ ఒకసారి తెంచి చూసుకోవాలి.

దోషం ఎక్కడున్నది?

హద్దు దాటకుండానే దారం తెగితే కారణం వెదకాలి. అనుభవజ్ఞులు మొట్టమొదట చూసేది గాలపు ముల్లు మొన. చుట్టే వేగంలో దారం ఆ మొనకు ఒక్కసారి రాసుకుంటే చాలు, నాలుగు పోగులు తెగుతాయి. ఆ క్షణంలో ఏమీ తెలియదు. పది చుట్ల తరువాత, గట్టిగా లాగినప్పుడు, ఆ గాయం దగ్గరే దారం తెగుతుంది. మొనకు తగిలినట్లు అనుమానం కలిగితే దారాన్ని వెలుతురుకు పట్టి చూడాలి. పోగు లేచి కనిపిస్తే అప్పటివరకు చేసినదానికి ముడి వేసి, దెబ్బతిన్న భాగాన్ని కత్తిరించి, మంచి దారంతో తిరిగి మొదలుపెట్టడం ఉత్తమం.

రెండవది బాబిన్. దారపు రీలును రెండు చేతుల నడుమ పట్టి, సన్నని గొట్టం గుండా దారాన్ని వదిలే పనిముట్టు ఇది. లోహపు గొట్టం అంచు గరుకుదేరితే దారాన్ని ఆకురాయిలా కొరుకుతుంది. పింగాణీ అంచు గల గొట్టాలు వాడుకలోకి రావడానికి ఇదే కారణం. రీలును పట్టిన చేతులు మరీ బిగుతుగా ఉన్నా ముప్పే. లాగినప్పుడు దారం తెగకముందే రీలు తిరిగి, కొంత దారాన్ని వదలాలి. అట్లా వదలకపోతే బాబిన్ చేతులను కొద్దిగా విడదీసి సరిచేయాలి.

మూడవది దారం వయస్సు. పట్టు కాలంతోపాటు బలం కోల్పోతుంది. ఎండ తగిలిన నైలాన్ పెళుసుబారుతుంది. కిటికీ పక్కన ఏళ్ల తరబడి నిలిచిన రీలుపై పైపొర దారాన్ని ముందుగా లాగి పరీక్షించాలి. బలం లేకపోతే మంచి దారం వచ్చేవరకు విప్పి పారవేయాలి. నాలుగవది మనిషి చేయి. పగిలిన, గరుకైన వేళ్లకు సన్నని పోగులు చిక్కుకొని లేస్తాయి. పట్టుతో కట్టేవారు వేళ్లను నునుపుగా ఉంచుకోవడం ఇందుకే. దారానికి తేనెమైనం పట్టించినా పోగులు ఒకదానినొకటి అంటి ఉంటాయి, ఈకలు జారవు.

ఇక మిగిలినది పురి. కుడిచేతివాటంవారు చుట్టే ప్రతి చుట్టుతోను దారంలో పురి పెరుగుతూ పోతుంది. మరీ ఎక్కిన దారం తాడులా గుండ్రబడి, చుట్టుపై చుట్టు గుట్టగా పడుతుంది. అప్పుడు బాబిన్‌ను వేలాడదీసి, పైనుండి చూస్తే గడియారం ముల్లుకు ఎదురుదిశగా తిప్పాలి. పురి విడి దారం పల్చగా పరచుకుంటుంది. పురి పూర్తిగా విడిచినా ప్రమాదమే. విడివడిన పోగులలో ఒకటి ముల్లు మొనకు చిక్కి తెగవచ్చు.

తెగిన తరువాత

మగ్గం మీద పడుగు పోగు తెగితే నేతగాడు కంగారుపడడు. మగ్గం ఆపి, పోగు అతికి, తిరిగి నాడె విసురుతాడు. ఫ్లై కట్టేవాడు చేయవలసినదీ అదే.

దారం తెగిన మరుక్షణంలో ముల్లు దగ్గర మిగిలిన కొసను వేళ్లతో పట్టుకోవాలి. ఈకలను పట్టే చిన్న పట్టకారును ఆ కొసకు తగిలించి వేలాడదీస్తే దాని బరువే బిగువును నిలుపుతుంది. అప్పుడు తొందర అక్కరలేదు. బాబిన్‌లోని దారాన్ని ఆఖరి గట్టి చుట్ల మీదనే అయిదారు చుట్లు వేసి, పాత కొసను ఆ చుట్ల కింద అణచి, రెండు కొసలను కత్తిరించాలి. చుట్లు అప్పటికే విడిపోయినచో గట్టిగా ఉన్న చోటివరకు విప్పి, అక్కడినుండి మొదలుపెట్టాలి. జాగ్రత్తపరులు ఒక్కొక్క వస్తువును కట్టిన వెంటనే ఒక చిన్న ముడి వేస్తారు. తరువాత దారం తెగినా ఆ ముడివరకే నష్టం.

సముద్రతీరాన ఒక కుటీరం

ఇట్లా చేతికి హద్దు నేర్పి, ఆ చేతినే జీవితంగా చేసుకున్నవారిలో మేగన్ బాయిడ్ పేరు ప్రపంచమంతటా తెలిసినది. ఆమె 1915లో ఇంగ్లండులో జన్మించినది. పసితనంలోనే తండ్రి ఉద్యోగరీత్యా కుటుంబం ఉత్తర స్కాట్లండులోని బ్రోరా నదీప్రాంతానికి చేరినది. బాల్యంలో ఆమెకు ఈ విద్య నేర్పినవాడు బాబ్ ట్రస్లర్ అనే ఎస్టేటు కాపలాదారు. కట్టి ఉన్న ఫ్లైని విప్పి, అదే సామగ్రితో అంతకన్నా చిన్న ముల్లు మీద తిరిగి కట్టడం అతడు చెప్పిన పాఠం. ఆ అభ్యాసంలో పొరపాటుకు చోటు ప్రతిసారీ తగ్గుతూ వస్తుంది.

కింట్రాడ్‌వెల్ అనే చోట సముద్రానికి ఎదురుగా ఉన్న చిన్న కుటీరంలో ఆమె దశాబ్దాలపాటు సాల్మన్ ఫ్లైలు కట్టినది. ఆమె కట్టినవాటికోసం దూరదేశాలనుండి ఉత్తరాలు వచ్చేవి. అప్పటి యువరాజు చార్లెస్, 2022 నుండి బ్రిటన్ రాజు, ఆమె ఖాతాదారులలో ఒకరు. 1971లో బ్రిటిష్ ఎంపైర్ పతకం ప్రకటిస్తే, తన కుక్కను చూసుకునేవారు లేరని చెప్పి ఆమె ఉత్సవానికి వెళ్లలేదు. ఇంత ఖ్యాతి గడించిన ఆ చేతులు చేపను చంపడానికి ఇష్టపడలేదు. చివరకు చూపు మందగించడంతో 1980ల చివర ఆమె పని మానవలసి వచ్చినది. 2001లో కన్నుమూసినది.

ఆమె కట్టిన ఫ్లైలను నేడు సేకరణకర్తలు భద్రంగా దాచుకుంటున్నారు. వాటి రంగులు చూసి ముచ్చటపడనివారు లేరు. ఆ రంగుల కింద కంటికి కానరాని దారపు చుట్లు ఉన్నవి. ఈకలు ఇప్పటికీ చెదరకుండా నిలిచినది వాటివల్లనే.

బల్ల ముందు కూర్చున్న కొత్త మనిషికి ఇంకా అంత దూరం లేదు. తెగిన కొస అతని వేళ్ల మధ్యనే ఉన్నది. పట్టకారు తగిలించి, ముల్లును వెలుతురుకు తిప్పి చూస్తే, మొన దగ్గర లేచిన పోగు ఒకటి కనిపించినది. కారణం దొరికినది. కొత్త దారం ఆరు చుట్లు వేసి, ఈకను తిరిగి నిలిపి, ఆఖరి ముడికి చేయి సాచాడు. ఈసారి కూడా గట్టిగానే లాగాడు; తెగే చోటుకు ఒక్క అడుగు ఇవతల ఆగాడు. తెగేదాకా లాగరాదన్న సామెత నిజమే. ఎక్కడ తెగుతుందో తెలిసినవాడే దానిని పాటించగలడు.