టకోమా జంట వంతెనలు

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, టకోమా నగరం దగ్గర ఇరుకైన జలసంధి మీద రెండు వేలాడే వంతెనలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి 1950 నాటిది, రెండోది 2007లో వచ్చింది. రెండింటికీ టవర్ల నడుమ దూరం 2,800 అడుగులే. అదే చోట, అంతే దూరాన్ని దాటిన తొలి వంతెన నాలుగు నెలలే నిలిచింది.

దాన్ని 1940 జులై 1న తెరిచారు. ఇంజినీరు క్లార్క్ ఎల్‌డ్రిడ్జ్ మొదట 25 అడుగుల లోతైన ట్రస్‌తో (ఉక్కు కడ్డీల చట్రంతో) నమూనా గీశాడు. ఖర్చు తగ్గుతుందని చెప్పి, పేరుమోసిన ఇంజినీరు లియోన్ మొయిసెఫ్ 8 అడుగుల గర్డర్లు చాలన్నాడు. వెడల్పు కూడా 39 అడుగులే. బరువు విషయంలో ఆయన లెక్కకు ఢోకా లేదు. గాలిని మాత్రం పక్కనుంచి నిలకడగా తోసే బలంగానే చూశాడు.

నవంబరు 7న గంటకు సుమారు 67 కిలోమీటర్ల వేగంతో గాలి వీచింది. అప్పటిదాకా పైకీ కిందికీ ఊగుతున్న వంతెన, ఉదయం పది గంటల వేళ ఉన్నట్టుండి మెలి తిరగసాగింది. గంట గడిచాక నడిమి భాగం తెగి నీళ్లలో పడింది. మనుషులెవరూ చనిపోలేదు. కారులో చిక్కుకుపోయిన టబ్బీ అనే కుక్క పాపం దక్కలేదు.

అనునాదం వల్లే, అంటే గాలి లయ వంతెన సహజ లయతో కలిసి ఊపు పెరగడం వల్లే కూలిందని ఎన్నో పాఠ్యపుస్తకాలు ఇప్పటికీ చెబుతున్నాయి. పిల్లలకు ఇలా నేర్పడం మానాలి. ఆ గాలికి వంతెన వెనక సుడులు సెకనుకు దాదాపు ఒకటి చొప్పున పుడతాయి. వంతెన ఒకసారి మెలి తిరిగి రావడానికి ఐదు సెకన్లు పట్టింది. ఈ రెండు లయలకూ పొంతన లేదని 1991లో బిల్లా, స్కాన్లన్ ఒక వ్యాసంలో వివరించారు. మెలి తిరిగిన ప్రతిసారీ వంతెన తన చుట్టూ గాలి పోకడను మార్చింది, మారిన గాలి ఆ మెలికను మరింత పెంచింది. తన కదలికతోనే తనకు ఊపు తెచ్చుకునే ఈ తీరును ఫ్లట్టర్ అంటారు.

అందుకే 1950 నాటి వంతెన నమూనాలను వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఆచార్య ఫార్కర్సన్ బృందం గాలి సొరంగంలో పెట్టి పరీక్షించింది. ట్రస్ లోతు 33 అడుగులయింది. రోడ్డు వరుసల మధ్య ఇనుప జాలీలు అమర్చారు. గాలి వాటిలోంచి పైకీ కిందికీ దూరిపోతుంది. ఊపును అణిచే డాంపర్లూ చేరాయి. నీటిలోని పాత పునాది స్తంభాలనే బాగుచేసి వాడుకున్నారు.

వాహనాలు పెరిగి నాలుగు వరుసలూ చాలనప్పుడు కవల వచ్చింది. దీని టవర్లు ఉక్కువి కావు, కాంక్రీటువి. ఒక్కో ప్రధాన కేబుల్‌లో 8,816 తీగలు. రోడ్డు భాగాలను దక్షిణ కొరియాలో తయారుచేసి ఓడల్లో తెచ్చారు. ఇక్కడ కొత్త చిక్కొకటి ఎదురైంది: ఒక వంతెనను దాటిన గాలి చెదిరిపోయి పక్కదాన్ని తాకుతుంది. అందుకని ఈసారి రెండు నమూనాలనూ పక్కపక్కన నిలిపి పరీక్షించారు. ఇప్పుడు టకోమా వైపు వెళ్లే వాహనాలు కొత్త వంతెన మీదుగా, అటునుంచి పడమరకు వెళ్లేవి పాతదాని మీదుగా సాగుతున్నాయి. కావాలంటే ముందుముందు కింద మరో అంతస్తు వేసుకునేలా కొత్తదాన్ని కట్టారు.